వర్రీకి ఆపోజిట్ ‘చిల్’ కాదు: హనుమ ఇంకా వెతకని ఒక్క తోట



ఈ వారం వీడియోలో సమయం సరిపోక మధ్యలో ఆపేసిన విషయాన్ని ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను. వీడియో చూడనివాళ్లకి కూడా అర్థమయ్యేలా మొదటి నుంచీ చెప్తాను. కాస్త తీరిక చేసుకుని చదవండి.

కొంగరకలాన్‌లో సత్సంగం అయ్యాక ఒక కుర్రాడు నన్ను ఆపి అడిగిన ప్రశ్న ఇది. “గురువుగారూ, ఇంట్లో, ఆఫీసులో, ఫ్రెండ్స్‌లో అందరూ ‘వర్రీ అవ్వకు’ అంటారు. సరే, అవ్వను. అవ్వకుండా ఏం అవ్వాలో మాత్రం ఎవరూ చెప్పరు. అసలు వర్రీకి ఆపోజిట్ ఏంటి? ఇంగ్లీషులో ‘చిల్’ అంటారు. అదేనా?”

ఎంత మంచి ప్రశ్నో చూడండి. చిన్నప్పుడు ఆపోజిట్స్ రాయమంటే హాట్‌కి కోల్డ్, హ్యాపీకి శాడ్ అని టకటకా రాసేశాం. వర్రీ దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగిపోతుంది. ఎందుకంటే ఆ జవాబు డిక్షనరీలో దొరికినా, రాత్రి రెండు గంటలకి నిద్ర పట్టనప్పుడు అది మనకి పనికిరాదు. అప్పుడు కూడా పనికొచ్చే మాట కావాలి.

ముందు మాటలు సరిచూసుకుందాం

ఇంగ్లీషులో ఫస్ వేరు, వర్రీ వేరు. ఫస్ అంటే బయటికి కనబడే హడావుడి. పెళ్లింట్లో ఒకాయన ఉంటాడు చూడండి, వడ్డన దగ్గరా ఆయనే, పందిరి దగ్గరా ఆయనే, చేసే పని మాత్రం ఏమీ ఉండదు. దీనికి మన తెలుగులో చక్కటి విరుగుడు ఉంది: నిదానం. పని ఆగదు, చప్పుడు ఆగుతుంది.

వర్రీ లోపలిది. ఈ ఇంగ్లీషు మాటకి పాత అర్థం గొంతు నులమడం. వేటకుక్క గొర్రె గొంతు పట్టుకుని ఊపేయడాన్ని కూడా ఇదే మాటతో చెప్పేవారు. నిజంగా బెంగపడ్డ ప్రతివాడికీ ఆ పట్టు ఎలా ఉంటుందో తెలుసు. గొంతు ఆరిపోతుంది, ముద్ద దిగదు.

మనవాళ్లు దీన్ని చింత అన్నారు. ‘చిత’కీ ‘చింత’కీ మధ్య తేడా ఒక్క సున్నే అని పెద్దలు చెప్తారు. చిత పోయినవాడిని కాలుస్తుంది, చింత బతికున్నవాడిని కాలుస్తుంది. తెలంగాణ పల్లెల్లో అయితే రంది అంటారు. “రంది పెట్టుకోకు బిడ్డా, నిమ్మళంగ ఉండు” అని ఒక ముసలమ్మ తల నిమిరితే సగం భారం అక్కడే దిగిపోతుంది. రందికి నిమ్మళం. ఇది పుస్తకంలో జంట కాదు, నోట్లో జంట.

ఇప్పుడు ‘చిల్’ దగ్గరికి వద్దాం. ఇంగ్లీషులోనే రెండు మాటలున్నాయి: కేర్‌ఫ్రీ, కేర్‌లెస్. రెండూ పక్కపక్కనే ఉన్నట్టుంటాయి, కానీ ఒకటి నిశ్చింత, రెండోది నిర్లక్ష్యం. రేపు పరీక్ష పెట్టుకుని ఈ రాత్రి వెబ్ సిరీస్ చూస్తూ “చిల్ బ్రో” అనేవాడిది నిశ్చింత కాదు. వాడి చింత పోలేదు, రేపటికి వాయిదా పడింది, వడ్డీతో సహా వస్తుంది. చిల్‌లో చల్లదనం ఉంది, పని లేదు. అందుకే ఆ అబ్బాయితో ‘కాదు నాన్నా’ అన్నాను. మరి ఏది?

ఖుర్దు కలాన్ అయ్యే తీరు

దానికి ముందు ఈ ఊరి గురించి ఒక్క మాట. ఇబ్రహీంపట్నం మండలంలో, ఔటర్ రింగ్ రోడ్డుకి దగ్గర్లో ఉంది కొంగరకలాన్. 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా కొత్త కలెక్టరేట్ ఇక్కడ ప్రారంభమైంది. 2023 మే 15న ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీకి ఇక్కడే భూమిపూజ జరిగింది. అంటే ఇప్పుడు ఒకే రోడ్డు మీద రెండు రకాల మనుషులు వెళ్తుంటారు. భూమి కాగితాల ఫైలు పట్టుకుని కలెక్టరేట్‌కి వెళ్లేవాళ్లు, రెజ్యూమే పట్టుకుని ఉద్యోగానికి వెళ్లేవాళ్లు. ఒకరికి ఉన్నది నిలుస్తుందా అని దిగులు. ఇంకొకరికి లేనిది వస్తుందా అని దిగులు. ఈ రెండు దిగుళ్లనీ గుర్తుపెట్టుకోండి, గీత దగ్గర మళ్లీ అవసరమవుతాయి.

కలాన్ పారసీ మాట. పెద్దది అని అర్థం. ఖుర్ద్ అంటే చిన్నది. కొంగర కలాన్ ఉన్నట్టే కొంగర ఖుర్ద్ కూడా ఉంది, మహేశ్వరం వైపు. ఆ పేర్లు వింటే నాకు ఒకటే అనిపిస్తుంది. చింత చేసే పని అంతా ఖుర్దును కలాన్ చేయడమే. మేనేజర్ “రేపు ఒకసారి మాట్లాడదాం” అని మెసేజ్ పెట్టాడు. అది ఖుర్ద్. పడుకునేసరికి ఉద్యోగం పోయింది, ఈఎంఐ ఆగింది, పెళ్లి సంబంధం తప్పింది, అమ్మ ఏడుస్తోంది. అది కలాన్. పొద్దున వెళ్తే ఆయన సెలవుల లిస్టు గురించి అడుగుతాడు.

దీన్నే మీరు ఓవర్‌థింకింగ్ అంటారు. “నాకొక్కడికే ఇలా అవుతోంది, నేనే బలహీనుణ్ణి” అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల కోసమే ఇప్పుడు చెప్పేది.

హనుమ కూడా ఇలాగే ఆలోచించాడు

మహాబలవంతుడు, బుద్ధిమంతులలో శ్రేష్ఠుడు, సముద్రం దాటినవాడు. ఆయనకి కూడా ఒక రాత్రి ఇలాగే గడిచింది. వాల్మీకి దాన్ని దాచలేదు. సుందరకాండ 12, 13 సర్గలు తీసి చదవండి.

లంకంతా వెతికాడు. రావణుడి అంతఃపురంలో నాలుగు వేళ్ల వెడల్పు జాగా కూడా వదల్లేదు. సీతమ్మ కనబడలేదు. ఇక మొదలైంది ఆలోచన. అమ్మ లేదని చెప్తే రాముడు బతకడు. రాముడు లేకపోతే లక్ష్మణుడు ఉండడు. అది విని భరతుడు, శత్రుఘ్నుడు, తల్లులు. అటు సుగ్రీవుడు, రుమ, తార, అంగదుడు. ఆ పైన వానరులందరూ. ఒక్కొక్కరినీ వరసగా మనసులో చంపేసుకుంటూ వెళ్లాడు. ఇంతాచేసి అప్పటికి జరిగింది ఏమిటి? ఒక మనిషి ఇంకా కనబడలేదు, అంతే. ఖుర్ద్ ఎలా కలాన్ అయిందో చూశారా!

అక్కడితో ఆగలేదు. తిరిగి వెళ్లడం కంటే ప్రాణం వదిలేయడం మేలేమో అని కూడా ఆయనకి ఆలోచన వచ్చింది. అవును, హనుమకే. ఈ మాట నేను నెమ్మదిగా, జాగ్రత్తగా రాస్తున్నాను. ఇంటర్ ఫలితాలు వచ్చే రోజుల్లో ప్రతి ఇంట్లోనూ పిల్లల గది తలుపు వైపు భయంగా చూసే తల్లిదండ్రులు ఉన్న రాష్ట్రాలు మనవి. అలాంటి ఆలోచన వచ్చినంత మాత్రాన మీరు చెడ్డవాళ్లు కారు, భక్తి లేనివాళ్లు కారు. హనుమకి వచ్చింది. ఆయన దానికి జవాబు కూడా తనే చెప్పుకున్నాడు: చావులో దోషాలు చాలా ఉన్నాయి, బతికుంటేనే మంచి చూడగలం.

ఆ తరువాత ఆయన ‘చిల్’ అవ్వలేదు. “అంతా రాముడే చూసుకుంటాడు” అని గోడ మీద కూర్చోలేదు. చుట్టూ చూశాడు. పెద్ద పెద్ద చెట్లతో ఒక తోట కనబడింది. “ఇది ఇంకా వెతకలేదు” అనుకున్నాడు. రాముడికి, లక్ష్మణుడికి, సీతమ్మకి, దేవతలకి దణ్ణం పెట్టుకుని ఆ తోటలోకి దూకాడు. అది అశోకవనం. అశోకం అంటే శోకం లేనిది. 15వ సర్గలో సీతమ్మ కనబడింది.

ప్రాణం వదిలేద్దామన్న ఆలోచనకీ అమ్మ దర్శనానికీ మధ్య ఉన్నది రెండు సర్గల దూరం. 13 దగ్గర పుస్తకం మూసేస్తే సుందరకాండ లేదు.

నిరాశ పడకుండా నిలబడే ఈ స్థితికి వాల్మీకి వాడిన మాట అనిర్వేదం. సంపదకి మూలం అదేనని హనుమ చేత అనిపించాడు. మన తెలుగులో దగ్గరి మాట నిబ్బరం. ఇంగ్లీషులో కంపోజర్ అనండి, స్టెడీ అనండి, ఎలా అన్నా దాని లక్షణం ఒకటే: “ఇంకా వెతకని చోటు ఏది?” అని అడగడం. “ఇలా అయితే ఎలా?” అనేది చింత అడిగే ప్రశ్న. “ఇంకా ఏం మిగిలింది?” అనేది నిబ్బరం అడిగే ప్రశ్న.

చింత, చింతన, వాయిదా

గీతలో కూడా ఇదే. కృష్ణుడు ఉపదేశం మొదలుపెట్టేది రెండో అధ్యాయంలో, “శోకించకూడని వాళ్ల కోసం శోకిస్తున్నావు” అనే భావంతో. ముగించేది పద్దెనిమిదో అధ్యాయంలో, “శోకించకు” అనే మాటతో. ఆ మొదటి మాటకీ ఈ చివరి మాటకీ ధాతువు ఒక్కటే. మధ్యలో చెప్పిందంతా శోకానికి వైద్యం. వైద్యం అయ్యాక అర్జునుడు ఏం చేశాడు? రథం దిగి ధ్యానానికి వెళ్లలేదు. కింద పడేసిన విల్లు ఎత్తాడు.

అదే 18వ అధ్యాయంలో పని చేసేవాళ్లని మూడు రకాలుగా చెప్తాడు స్వామి. సాత్త్విక కర్త గుణాల్లో రెండు: ధృతి, ఉత్సాహం. ధృతి అంటే పట్టు వదలకుండా నిలబడటం. పని అయినా కాకపోయినా మనసు చెదరదు. తామస కర్త జాబితా చివర్లో రెండు మాటలు పక్కపక్కనే ఉంటాయి: విషాది, దీర్ఘసూత్రి. ఎప్పుడూ దిగులుపడేవాడు, ప్రతిదీ సాగదీసేవాడు. మీ భాషలో ఓవర్‌థింకింగ్, ప్రొక్రాస్టినేషన్. ఈ రెండింటినీ స్వామి ఒకే శ్లోకంలో కూర్చోబెట్టాడు. మన అనుభవం కూడా అదే కదా! దిగులు ఎక్కువైన రోజే పని తక్కువ అవుతుంది, పని మిగిలిపోయిన రాత్రే దిగులు ఎక్కువవుతుంది.

ఇంకో చిన్న విశేషం. చింత, చింతన, రెండూ ఒకే ధాతువు నుంచి పుట్టాయి. మనసు ఒకే చోట తిరగడం రెండింటిలోనూ ఉంది. నా మీద నేను తిరిగితే చింత, స్వామి మీద తిరిగితే చింతన. అందుకే తొమ్మిదో అధ్యాయంలో, వేరే ఆలోచన లేకుండా నన్నే చింతించేవాళ్ల యోగక్షేమాలు నేను మోస్తాను అన్నాడు. యోగం అంటే లేనిది రావడం, క్షేమం అంటే ఉన్నది నిలవడం అని శంకరులు వివరించారు. కొంగరకలాన్ రోడ్డు మీద చూసిన రెండు దిగుళ్లూ ఇవే. రెజ్యూమే వాడిది యోగం, ఫైలు వాడిది క్షేమం. రెండు బరువులూ స్వామి తన భుజం మీదికి తీసుకున్నాడు.

మీలో చాలామందికి ఈ మాట ఎల్‌ఐసీ ముద్రలో చూసిన గుర్తు. 1956లో పుట్టిన ఆ సంస్థ ఈ శ్లోకం చివరి మాటల్నే పెట్టుకుంది. కానీ ప్రీమియం కట్టొద్దని ఎల్‌ఐసీ ఎప్పుడూ చెప్పలేదు కదా! మన వంతు మనం కట్టాల్సిందే. మిగిలిన భారం గురించే ఆ హామీ.

మన కోసం హడావుడి పడే స్వామి

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన చోటికి వచ్చాం. విష్ణు సహస్రనామంలో ‘వ్యగ్రః’ అని ఒక నామం ఉంది. సంస్కృతంలో వ్యగ్రుడు అంటే మామూలుగా ఏమిటి? మనసు ఒక దగ్గర నిలవనివాడు, ఆత్రపడేవాడు, హడావుడి పడేవాడు. ఆశ్చర్యంగా లేదూ? పాలకడలి మీద పడుకుని, శాంతానికే రూపంలా ఉండేవాడికి ఆ పేరేమిటి?

శంకరుల భాష్యంలో దీనికి రెండు అర్థాలు. అగ్రం అంటే అంతం, అది లేనివాడు అని ఒకటి. భక్తుల కోరికలు తీర్చడంలో తలమునకలై ఉండేవాడు అని రెండోది. అంటే మన పని మీద ఆయన హడావుడిగా ఉన్నాడు! ఇంట్లో ఒకరు కంగారుపడి పరిగెడుతుంటే ఇంకొకరు కూర్చోవచ్చు. మన తరఫున కంగారుపడే ఉద్యోగం ఆయన తీసుకున్నాడు. ఇక మనం కూడా అదే పని చేస్తే ఒకే పోస్టులో ఇద్దరు అవుతాం.

ఆ నామానికి బొమ్మ కావాలంటే పోతనగారి గజేంద్ర మోక్షం చూడండి. మీ అందరికీ స్కూల్లో ఆ పద్యం వచ్చే ఉంటుంది. ఏనుగు మొర వినగానే స్వామి లక్ష్మీదేవికి చెప్పలేదు, శంఖచక్రాలు అందుకోలేదు, గరుత్మంతుణ్ణి సిద్ధం చేయమనలేదు. చేతిలో ఉన్న అమ్మవారి పైటచెంగు వదలడం కూడా మరిచిపోయి పరిగెత్తాడు. ముల్లోకాలనీ నడిపేవాడు ఒక ఏనుగు కోసం ఒళ్లు మరిచాడు. వ్యగ్రః అంటే అదీ.

ఇందులో రెండు సంగతులు గమనించండి. గజేంద్రుడు ముందు తను చేయగలిగిందంతా చేశాడు, వెయ్యేళ్లు పోరాడాడని భాగవతం. మొర తరువాత వచ్చింది. ఇక ఆ మొర మధ్యలో, ఉన్నాడు ఉన్నాడంటారే, అసలు ఉన్నాడా లేడా అని సందేహపడ్డాడు కూడా. ఆ సందేహం వల్ల స్వామి రావడం మానలేదు. “నాకు పూర్తి నమ్మకం లేదండీ, నా ప్రార్థన పనిచేస్తుందా” అని అడిగే పిల్లలకి నేను గజేంద్రుణ్ణే చూపిస్తాను.

మరి వెంటనే రాకపోతే?

ఇది అడగకపోతే ఈ ప్రవచనం సగమే. “నేను ప్రార్థించాను, ఉద్యోగం రాలేదు. అప్పు తీరలేదు. నాన్నకి నయం కాలేదు.” అప్పుడు?

గోల్కొండ కోటకి వెళ్లినప్పుడు రామదాసు బందిఖానా చూసే ఉంటారు. కంచర్ల గోపన్న, నేలకొండపల్లి వాడు, తానీషా కాలంలో పాల్వంచ పరగణా తహసీల్దారు. సర్కారు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించి ఆ చీకటి గదిలో పడ్డాడు. పన్నెండేళ్లు అక్కడే ఉన్నాడని సంప్రదాయం చెప్తుంది. పన్నెండేళ్లు! ఆయన చిరునవ్వుతో కూర్చున్నాడా? లేదు. ఏడ్చాడు, అలిగాడు. ఎవరి నగకి ఎంత ఖర్చయిందో పద్దులు చెప్పి సీతారాముల్నే నిలదీశాడు. తహసీల్దారు కదా, లెక్కలు బాగా వచ్చు!

మరి అది చింత కాదా? ఒక్కటే తేడా. ఆ గోడు గోడకి చెప్పుకోలేదు, రాముడికి చెప్పుకున్నాడు. చిరునామా లేని బాధ చింత అవుతుంది. స్వామి చిరునామా రాసిన బాధ ప్రార్థన అవుతుంది. రాముడు ఏ రోజున వస్తాడో రామదాసుకి తెలియదు. కానీ రోజూ ఎవరితో మాట్లాడాలో తెలుసు. నిశ్చింత అంటే ఫలితం వచ్చే తారీకు తెలియడం కాదు, పక్కన ఎవరున్నారో తెలియడం.

అశోకవనంలో హనుమ కనబడిన రోజునే సీతమ్మకి విడుదల కాలేదు. యుద్ధం ఇంకా ముందుంది. కానీ ఆ రోజు నుంచి ఆమె ఒంటరి కాదు. చాలాసార్లు మనకి మొదట అందేది అంతే. అది తక్కువేమీ కాదు.

ఈ వారం చేయవలసినవి

మూడే మూడు. పెద్ద వ్రతాలేమీ కాదు.

ఒకటి. మనసు తిరగడం మొదలవగానే ఒక కాగితం మీద రాయండి. ఇప్పటికి నిజంగా జరిగింది ఒక వరసలో, జరుగుతుందేమో అనుకుంటున్నది ఇంకో వరసలో. మొదటిది ఖుర్ద్, రెండోది కలాన్. చాలా రోజుల్లో మొదటి వరసలో ఒక్క లైనే ఉంటుంది.

రెండు. ఆ లైను కింద మీ అశోకవనం రాయండి. ఇంకా వెతకని చోటు, ఇంకా చేయని ఒక్క పని. ఒక ఫోన్ కాల్ కావచ్చు, ఒక అప్లికేషన్ కావచ్చు, నాన్నతో మాట్లాడాల్సిన ఒక నిజం కావచ్చు. పది రాయకండి, ఒక్కటే. హనుమ కూడా ఒక్క తోటలోకే దూకాడు.

మూడు. పడుకునే ముందు పదకొండు సార్లు “ఓం వ్యగ్రాయ నమః” అనుకోండి. తరువాత ఆ రోజు గోడంతా మీ మామూలు భాషలో, తెలుగో ఇంగ్లీషో హిందీయో, స్వామికి చెప్పేయండి. అలగాలంటే అలగండి, రామదాసు అలిగాడు. చెప్పడం అయ్యాక ఒక్క మాట: “స్వామీ, నా వంతు పని పొద్దున చేస్తాను. ఈ రాత్రి కంగారు నీది.” ఫోన్ దూరంగా పెట్టి పడుకోండి.

ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. వారాల తరబడి నిద్ర లేకపోయినా, ముద్ద దిగకపోయినా, బతకాలని అనిపించకపోయినా, దాన్ని జపంతోనే నెట్టుకురావాలని చూడకండి. డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416, ఫోన్ చేస్తే తెలుగులో కూడా మాట్లాడతారు. డాక్టర్ దగ్గరికి వెళ్లడం భక్తిలో లోపం కాదు. లక్ష్మణుడు యుద్ధంలో పడిపోతే హనుమ ఓషధుల పర్వతం మోసుకొచ్చాడు, మందు వద్దని ఎవరూ అనలేదు. కొందరికి అశోకవనం అంటే ఆ డాక్టరు గది తలుపే.

ఇంట్లో ఎవరైనా దిగులుగా కూర్చుంటే ఈసారి “వర్రీ అవ్వకు” అని వెళ్లిపోకండి. పక్కన కూర్చుని “ఇంకా ఏం మిగిలింది? కలిసి చూద్దామా?” అని అడగండి. లంకలో హనుమకి ఆ మాట అడిగేవాళ్లు లేరు, తనే అడుక్కున్నాడు. మన ఇళ్లలో ఆ మాట అడగడానికి మనం ఉన్నాం.

మీ అందరికీ ధృతి, ఉత్సాహం, రాత్రి కమ్మటి నిద్ర ఇవ్వాలని సీతారాముల్ని ప్రార్థిస్తూ,

శుభం భూయాత్. జై శ్రీరామ్.